దేవుడు ఎన్నుకున్న ప్రజలు: యూదుల నమ్మకం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

"యూదులు దేవుడు ఎన్నుకున్న ప్రజలు" అన్న మాట మన దగ్గర చర్చిలో వినబడుతుంది, మసీదు బయానులో వినబడుతుంది, ఇజ్రాయెల్ వార్తల్లో ఉన్న రోజుల్లో టీ కొట్టు దగ్గరా వినబడుతుంది. ఒక్కో చోట ఒక్కో అర్థం. ఈ మతాల గ్రంథాలు పక్కపక్కన పెట్టుకుని చదవడం నాకు చాలాకాలంగా అలవాటు. అది తెలిసినవాళ్లు నన్ను అడిగే సందేహాలు మాత్రం మారడం లేదు, మళ్లీ మళ్లీ అవే వస్తున్నాయి. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉంచాను. ఎక్కడి నుంచైనా చదవవచ్చు.

నేను యూదుణ్ణి కాను. కానీ ఈ ఒక్క మాటను తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల చరిత్రలో చాలామంది ప్రాణాలు పోయాయి. కాబట్టి దీన్ని ఊరికే ఆసక్తి కొద్దీ రాయడం లేదు.

## మాట దగ్గరే వచ్చే సందేహాలు

"ఎన్నుకున్న ప్రజలు" అంటే అసలు అర్థం ఏమిటి?

యూదుల తోరా (బైబిల్లోని మొదటి ఐదు కాండాలు) ప్రకారం దేవుడు అబ్రాహామును పిలిచాడు, అతని సంతతితో ఒక నిబంధన చేసుకున్నాడు, సీనాయి కొండ దగ్గర వాళ్లకు ధర్మశాస్త్రం ఇచ్చాడు. ఆ నిబంధనకు కట్టుబడిన జనం కాబట్టి వాళ్లు "ఎన్నుకున్నవాళ్లు". నిర్గమకాండం 19వ అధ్యాయంలో ఇందుకు వాడిన హీబ్రూ మాట "సెగుల్లా". రాజుకు దేశమంతా ఉన్నా, తన సొంతానికి విడిగా దాచుకున్న ధనాన్ని అలా అంటారు. దావీదు రాజు ఆలయం కోసం ఇచ్చిన తన సొంత బంగారానికి కూడా బైబిల్లో ఇదే మాట ఉంది. మన తెలుగు బైబిల్ అనువాదకులు దీన్ని "స్వకీయ సంపాద్యము" అన్నారు. నాకు తెలిసి చక్కగా కుదిరిన అనువాదం అది.

ఇబ్బంది ఎక్కడంటే, "ఎన్నిక" అనగానే మనకు ఓట్లు గుర్తొస్తాయి, "ఎంపిక" అనగానే ఉద్యోగం గుర్తొస్తుంది. రెండింటిలోనూ ఒకరు గెలిచారంటే మిగతావాళ్లు ఓడిపోయినట్టే. సీనాయి కథలో ఆ ఓడిపోవడం లేదు. ఆ వాక్యంలోనే "సమస్త భూమి నాదే" అని కూడా ఉంది.

అంటే "మేము మిగతావాళ్ల కంటే గొప్ప" అనే కదా?

ఇదే అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న. మూలగ్రంథం ఏమంటుందో చూద్దాం. ద్వితీయోపదేశకాండం 7వ అధ్యాయం: మీరు ఎక్కువమంది అని కాదు, నిజానికి అన్ని జనాల కంటే మీరే తక్కువ. 9వ అధ్యాయం: మీ నీతిని చూసి ఈ దేశం ఇవ్వడం లేదు, మీరు లోబడని జనం. ఆమోసు ప్రవక్త ఇంకా కఠినంగా అన్నాడు: భూమి మీద ఉన్న అన్ని వంశాల్లో మిమ్మల్ని మాత్రమే ఎరిగాను, అందుకే మీ తప్పులన్నిటికీ మిమ్మల్ని శిక్షిస్తాను. ఆ "అందుకే" దగ్గర ఒక నిమిషం ఆగాలి. ఎన్నుకున్నందుకు మినహాయింపు దొరకలేదు, లెక్క ఇంకా గట్టిగా అడిగాడు.

నిర్గమకాండం 4వ అధ్యాయంలో "ఇశ్రాయేలు నా జ్యేష్ఠపుత్రుడు" అని ఉంది (ఇశ్రాయేలు అంటే ఇక్కడ ఆ జనం పేరు). మన ఇళ్లలో పెద్దకొడుకును తలుచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. ముందు తిట్లు తినేది అతనే, తమ్ముళ్ల చదువు, చెల్లెళ్ల పెళ్లి చూడాల్సిందీ అతనే. పెద్దకొడుకు అన్నంత మాత్రాన మిగతావాళ్లు పిల్లలు కాకుండా పోరు.

ఇంత చెప్పాక ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఏ జనమైనా "దేవుడు మమ్మల్ని పిలిచాడు" అని నమ్మితే, కొందరి నోట అది గర్వంగా మారుతుంది. యూదుల్లోనూ అలాంటివాళ్లు ఉన్నారు. ప్రవక్తలు అరిచి గోల పెట్టింది అందుకే.

దేవుడు వాళ్లనే ఎందుకు ఎన్నుకున్నాడు?

బైబిల్ ఇచ్చే కారణం చాలా చిన్నది: ప్రేమించాడు కాబట్టి, పితరులకు మాట ఇచ్చాడు కాబట్టి. ఈ జవాబు తర్వాతి రబ్బీలకూ, అంటే యూదు మతగురువులకూ, సరిపోలేదు. వాళ్లు రెండు కథలు చెప్పారు. మొదటి కథలో దేవుడు తోరాను ముందు మిగతా జనాలకు చూపిస్తాడు. "అందులో ఏముంది?" అని ఒకరు అడుగుతారు. "హత్య చేయకూడదు" అంటాడు. మాకు వద్దంటారు. ఇంకొకరు దొంగతనం మాట విని వద్దంటారు. ఇశ్రాయేలీయులు మాత్రం ఏముందో అడక్కుండానే ఒప్పుకుంటారు. ఈ కథలో ఎంచుకున్నది దేవుడు కాదు, వాళ్లే.

రెండో కథ, రబ్బీల చర్చల పెద్ద సంకలనమైన తల్మూద్‌లోని షబ్బాత్ భాగంలో ఉంది. దేవుడు సీనాయి కొండను పెకలించి గంగాళం బోర్లించినట్టు వాళ్ల తలల మీద పట్టుకుని, "ఒప్పుకుంటే సరే, లేదంటే ఇక్కడే మీ సమాధి" అంటాడు. మొదటి కథ ఇష్టపడి తీసుకున్నారంటుంది, రెండోది తప్పించుకునే దారి లేదంటుంది. రబ్బీలు రెండింటినీ ఉంచారు, ఏదీ కొట్టేయలేదు. నాకు ఆ సంప్రదాయం మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

యూదులకు అన్ని నోబెల్ బహుమతులు రావడానికి కారణం ఇదేనా?

కాదు. వాట్సాప్‌లో తిరిగే ఆ వాదనకు గ్రంథంలో ఆధారం లేదు. తోరాలో ఎక్కడా "మీరు తెలివైనవాళ్లు కాబట్టి" అని లేదు. చిన్నప్పటి నుంచి చదవడం, వాదించడం ఒక మతవిధిగా ఉండటం, భూమి కొనుక్కునే హక్కు లేని దేశాల్లో చదువే ఆస్తి కావడం లాంటి చరిత్ర కారణాలు వేరే ఉన్నాయి. పొగడ్తలాగా కనిపించినా ఈ వాదన ప్రమాదమే. "వాళ్ల రక్తం వేరు" అనే మాటను ద్వేషించేవాళ్లు కూడా సరిగ్గా ఇలాగే మొదలుపెడతారు.

## యూదులు తమలో తాము వాదించుకునేవి

యూదులందరూ దీన్ని ఒకేలా నమ్ముతారా?

లేదు. 12వ శతాబ్దంలోనే ఇద్దరు పెద్దలు రెండు దారుల్లో నడిచారు. స్పెయిన్ కవి యెహూదా హలేవీ దృష్టిలో యూదుల్లో తరతరాలుగా వచ్చే ఒక దైవిక గుణం ఉంది, బయటి నుంచి వచ్చి చేరినవాడికి ప్రవక్త అయ్యే స్థాయి రాదు. రెండో పెద్ద, ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడిస్ అలా అనలేదు. ఓబద్యా అనే కొత్తగా మతం మారిన వ్యక్తి "మా పితరుల దేవా అని నేను ప్రార్థించవచ్చా?" అని ఉత్తరం రాస్తే, తప్పకుండా అను, అబ్రాహాము నీకూ తండ్రే, మాకూ నీకూ ఏ తేడా లేదు అని జవాబు రాశాడు. ఆయన కూర్చిన 13 విశ్వాస సూత్రాల్లో "యూదులు ఎన్నుకోబడ్డారు" అన్నది ఒకటిగా లేనే లేదు.

హలేవీ దారి ఆగిపోలేదు. కబ్బాలా అనే యూదు మార్మిక సంప్రదాయపు రచనల్లో, 18వ శతాబ్దం చివర వచ్చిన హసీదీ (ఒక యూదు భక్తి ఉద్యమం) రచనల్లో, యూదుడి ఆత్మే వేరు అన్న మాటలు ఉన్నాయి. వాటిని దాచి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఈ రోజుకీ వాటిని ఎలా చదవాలన్న వాదన యూదుల మధ్య నడుస్తూనే ఉంది.

ఈ నమ్మకాన్ని వదిలేసిన యూదులు ఉన్నారా?

ఉన్నారు, అందుకు మూల్యం కూడా చెల్లించారు. ఆమ్‌స్టర్‌డామ్ తత్వవేత్త స్పినోజాను 1656లోనే సమాజం వెలివేసింది. 1670లో అచ్చయిన గ్రంథంలో ఆయన వాదన ఇది: హీబ్రూల ఎంపిక వాళ్ల రాజ్యానికి, చట్టాలకు సంబంధించినది మాత్రమే, తెలివిలో, సద్గుణంలో దేవుడు ఏ జాతికీ ఎక్కువ ఇవ్వలేదు.

అమెరికాలో రబ్బీ మొర్దెకై కాప్లన్ ఇంకో అడుగు వేశాడు. తోరా చదివే ముందు యూదులు "అన్ని జనాల్లోంచి మమ్మల్ని ఎంచుకున్న దేవా" అని స్తుతిస్తారు. ప్రజాస్వామ్య దేశంలో నిలబడి పక్కింటివాడి ముందు ఈ మాట నిజాయితీగా అనలేమని ఆయన అభిప్రాయం. తన ప్రార్థన పుస్తకంలో దాన్ని "తన సేవకు మమ్మల్ని దగ్గర చేసుకున్న దేవా" అని మార్చాడు. 1945లో న్యూయార్క్‌లో ఆర్థడాక్స్ రబ్బీల సంఘం ఆయన్ను వెలివేసింది, ఆ పుస్తకం ప్రతిని కాల్చారు. నాజీల నుంచి యూరప్ అప్పుడే బయటపడుతోంది. అలాంటి ఏడాదిలో ఒక యూదు పుస్తకాన్ని యూదులే కాల్చడం చూసి చాలామంది యూదులు తట్టుకోలేకపోయారు.

యూదులు కానివాళ్లు నరకానికి పోతారని వాళ్లు నమ్ముతారా?

నమ్మరు. యూదుడు 613 ఆజ్ఞలు పాటించాలి. మిగతావాళ్లకు నోవహు సంతతిగా ఏడు చాలు: విగ్రహారాధన, దైవదూషణ, హత్య, అక్రమ లైంగిక సంబంధం, దొంగతనం, బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినడం, ఈ ఆరూ కూడదు, ఏడోది, న్యాయస్థానాలు పెట్టుకోవాలి. "జనాల్లోని నీతిమంతులకు రాబోయే లోకంలో భాగం ఉంది" అన్నది రబ్బీల స్థిరమైన మాట. యూదులు మతప్రచారం చేయకపోవడానికి ముఖ్య కారణం ఇదే. బాగుపడటానికి యూదుడిగా మారాల్సిన పని లేదని వాళ్ల నమ్మకం.

ఆ ఏడింటిలో విగ్రహారాధన ఉంది కదా, మరి హిందువుల సంగతి?

న్యాయమైన సందేహం. పాతకాలపు రబ్బీల దృష్టిలో విగ్రహం ముందు మొక్కడం నిషేధమే, అందులో మెత్తదనం లేదు. కానీ మధ్యయుగంలో దక్షిణ ఫ్రాన్స్‌కు చెందిన మెనాహెం మేయిరీ ఒక దారి తెరిచాడు: నీతి నియమాలున్న మతాన్ని పాటించే జనాలను పాత విగ్రహారాధకుల లెక్కలో వేయకూడదు అన్నాడు. మన కాలంలో ఇది నేరుగా చర్చకు వచ్చింది. 2007 ఫిబ్రవరిలో ఢిల్లీలో, 2008 ఫిబ్రవరిలో జెరూసలేంలో హిందూ ఆచార్యులు, ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలు కలిసి కూర్చున్నారు. మూర్తిలో పూజించేది ఒకే పరమాత్మను అని మన కాలపు వేదాంత గురువు స్వామి దయానంద సరస్వతి (ఆర్య సమాజ స్థాపకుడు కాదు) బృందం వివరించింది. యూదు పండితులందరూ దాంతో తృప్తిపడ్డారని చెప్పలేం. అయినా, వినడానికి కూర్చున్నారు.

దేవుడు ఎన్నుకుంటే మరి 60 లక్షల మందిని ఎలా చంపనిచ్చాడు?

దీనికి జవాబు ఇచ్చే అర్హత నాకు లేదు, యూదు ఆలోచనాపరులు ఇచ్చుకున్న జవాబులు మాత్రం చెప్పగలను. రిచర్డ్ రూబెన్‌స్టైన్ 1966లో, నాజీలు యూదులను సామూహికంగా చంపిన ఆష్విట్జ్ శిబిరం తర్వాత చరిత్రను నడిపే దేవుడినీ, ఆయన ఎంపికనూ ఇక నమ్మలేనని రాశాడు. ఎమిల్ ఫాకెన్‌హైమ్ దీనికి ఎదురు నిలిచాడు: యూదుడు యూదుడిగా బతకడం మానేస్తే హిట్లర్ చనిపోయాక కూడా గెలిచినట్టే, కాబట్టి బతికి ఉండటమే 614వ ఆజ్ఞ అన్నాడు. ఎలియేజర్ బెర్కోవిట్స్ పాత బైబిల్ మాటనే తీసుకున్నాడు: దేవుడు ముఖం దాచుకుంటాడు, మనిషికి స్వేచ్ఛ ఉండాలంటే అది తప్పదు. "పాపాలకు శిక్ష" అన్న జవాబు చెప్పినవాళ్లూ ఉన్నారు. పది లక్షలకు పైగా పిల్లలు చనిపోయిన చోట ఆ జవాబు నా నోట రాదు.

"అసలైన ఇశ్రాయేలు మేమే" అనే సమరయులు ఎవరు?

కొత్త నిబంధనలోని "మంచి సమరయుడు" కథ విన్నవాళ్లకు పేరు తెలుసు, కానీ వాళ్లు ఇంకా ఉన్నారని చాలామందికి తెలియదు. నాబ్లస్ దగ్గరి గెరిజీము కొండ మీద, టెల్ అవీవ్ పక్కన హోలోన్‌లో, అందరూ కలిసి వెయ్యి మంది లోపే. వాళ్లకూ తోరా ఉంది. యూదుల తోరాలో "దేవుడు ఏర్పరచుకోబోయే స్థలం" అని ఉన్నచోట వాళ్ల తోరాలో "ఏర్పరచుకున్న స్థలం" అని ఉంటుంది. యూదులకు అది తర్వాత జెరూసలేం అయింది, సమరయులకు అప్పటికే గెరిజీము. ఒక్క క్రియాపదం కాలం మారి రెండు జనాలుగా నిలిచారు.

## క్రైస్తవుల దగ్గర

ఒక పాస్టర్ గారు "ఇప్పుడు సంఘమే నిజమైన ఇశ్రాయేలు" అంటారు. ఇంకో పాస్టర్ గారు "యూదులే ఇంకా దేవుని ప్రజలు" అంటారు. ఏది సరైనది?

రెండు బోధలూ పాతవే, రెండూ వాక్యం చూపిస్తాయి. మొదటి బోధకు ఆధారం మొదటి పేతురు 2:9. యూదులకు చెప్పిన సీనాయి మాటలనే తీసుకుని విశ్వాసులతో "మీరు ఏర్పరచబడిన వంశమును, రాజులైన యాజకసమూహమును" అంటుంది. రెండో శతాబ్దంలో క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్ నిజమైన ఇశ్రాయేలు మేమే అని సూటిగా రాశాడు. తర్వాతి శతాబ్దాల్లో "దేవుడు యూదులను వదిలేసి సంఘాన్ని తీసుకున్నాడు" అన్నది మామూలు బోధ అయిపోయింది.

రెండో బోధ ఈ రూపంలో 19వ శతాబ్దానిది. జాన్ నెల్సన్ డార్బీ అనే క్రైస్తవ బోధకుడు దేవుడికి ఇశ్రాయేలుతో ఒక ప్రణాళిక, సంఘంతో ఇంకో ప్రణాళిక ఉన్నాయని బోధించాడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిల్ నోట్స్ దాన్ని లోకమంతటికీ మోసుకెళ్లాయి. మన దగ్గర "చివరి దినాలు", "ఎత్తబడటం" గురించి ప్రసంగాలు వినేవాళ్లు, తెలిసినా తెలియకపోయినా, వింటున్నది ఎక్కువగా ఈ ధోరణినే.

నన్ను అడిగితే, రెండింటి కంటే ముందు పౌలు రాసిన రోమీయులకు 9 నుంచి 11 అధ్యాయాలు నిదానంగా చదవమంటాను. యూదులు మంచి ఒలీవ చెట్టు, అన్యజనులు దానికి అంటు కట్టిన అడవి కొమ్మ. కొమ్మలతో పౌలు అంటాడు: గర్వపడకు, వేరును నువ్వు మోయడం లేదు, వేరే నిన్ను మోస్తోంది. ఆపై 11:29లో, దేవుడు తన వరాల విషయంలో, పిలుపు విషయంలో వెనక్కి తగ్గడు. మామిడికి అంటు కట్టడం చూసిన మనవాళ్లకు ఈ పోలిక వివరించాల్సిన పని లేదు. వేరు చచ్చిపోతే అంటు బతకదు.

క్రైస్తవ బోధ వల్లే యూదుల మీద హింస జరిగిందా?

అన్నిటికీ అదే కారణం కాదు, కానీ పెద్ద పాత్ర ఉంది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ కెథెడ్రల్ ద్వారం దగ్గర 13వ శతాబ్దపు రెండు స్త్రీ విగ్రహాలు పెట్టారు. ఒకరు కిరీటంతో నిలబడిన సంఘం. ఇంకొకరు కళ్లకు గంతలతో, విరిగిన బల్లెంతో తల వాల్చిన యూదు సమాజం. చదువు రాని భక్తుడికి కూడా రోజూ అందిన పాఠం అది. 1543లో ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ యూదుల ప్రార్థనాలయాలు తగలబెట్టమని రాశాడు, నాజీలు ఆ రాతలను వాడుకున్నారు. గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల్లో లూథరన్ కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఇది కూడా చెప్పాలి: అమెరికా ఎవాంజెలికల్ లూథరన్ సంఘం 1994లో ఆ రాతలను బహిరంగంగా తిరస్కరించింది.

కాథలిక్ సంఘం ఇప్పుడు ఏమంటోంది?

1965 అక్టోబర్ 28న రెండో వాటికన్ సభ "నోస్త్రా ఎతాతే" అనే ప్రకటనను 2,221 ఓట్లతో ఆమోదించింది, వ్యతిరేకంగా పడినవి 88. యూదులను దేవుడు తిరస్కరించిన, శపించిన జనంగా చూపించకూడదని అది చెప్పింది. 1986లో పోప్ జాన్ పాల్ 2 రోమ్ యూదు ప్రార్థనాలయానికి వెళ్లి వాళ్లను "మా అన్నలు" అన్నారు. 2015లో వాటికన్ విడుదల చేసిన పత్రానికి వరాలు, పిలుపు గురించి పైన చెప్పిన పౌలు మాటనే పేరుగా పెట్టారు, యూదులను మతం మార్చేందుకు ప్రత్యేక సంస్థాగత ప్రచారం చేయబోమని అందులో రాశారు. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో కొత్త శిల్పం ఒకటి పెట్టారు. పాత ఇద్దరు స్త్రీలే, ఈసారి పక్కపక్కన కూర్చుని ఒకరి పుస్తకంలోకి ఒకరు చూస్తుంటారు. పోప్ ఫ్రాన్సిస్ వచ్చి దాన్ని ఆశీర్వదించారు.

ఇథియోపియా వాళ్లు కూడా తామే ఎన్నుకున్న ప్రజలమంటారా?

అంటారు. వాళ్ల "కెబ్రా నగస్త్" గ్రంథం ప్రకారం సొలొమోనుకు, షేబ రాణికి పుట్టిన మెనెలిక్ నిబంధన మందసాన్ని (దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టెను) జెరూసలేం నుంచి అక్సూమ్‌కు తెచ్చాడు, దాంతో దేవుని ఎంపిక కూడా అక్కడికి వచ్చింది. 1974లో చక్రవర్తి హైలే సెలాసీ పదవి పోయేదాకా ఆ రాజవంశం ఈ కథ మీదే నిలబడింది. ఆయన్నే దైవంగా కొలిచే రాస్తఫారీలు 1930ల్లో జమైకాలో పుట్టారు. బానిసలుగా తరలించబడిన ఆఫ్రికన్లే ఇశ్రాయేలు అని వాళ్ల నమ్మకం.

## ముస్లింల దగ్గర

ఖురాన్‌లో యూదులను ఎన్నుకున్నట్టు నిజంగా ఉందా?

ఉంది, ఒకసారి కాదు. రెండో సూరా 47వ ఆయత్‌లో అల్లాహ్ ఇస్రాయీల్ సంతతితో, నేను మీకు చేసిన మేలు గుర్తు చేసుకోండి, మిమ్మల్ని లోకవాసులందరి కంటే మిన్నగా చేశాను అంటాడు. అదే సూరాలో 122వ ఆయత్‌లో మళ్లీ అదే మాట. 44వ సూరాలో "తెలిసే ఎంచుకున్నాం" అని ఉంది. ఇబ్న్ కసీర్ లాంటి వ్యాఖ్యాతలు "లోకవాసులందరి కంటే" అంటే వాళ్ల కాలపు జనాల కంటే అని వివరించారు.

మరి ఖురాన్ యూదులను తప్పు పడుతుంది కదా?

ఎంపికను కాదు, ఎంపిక తమ సొత్తు అనుకోవడాన్ని తప్పు పడుతుంది. 5:18లో: మేము దేవుని బిడ్డలం, ఆయనకు ప్రియమైనవాళ్లం అని యూదులు, క్రైస్తవులు అంటారు, మరి మీ పాపాలకు మిమ్మల్ని ఎందుకు శిక్షిస్తున్నాడు, మీరూ ఆయన సృష్టించిన మనుషులే. ఈ వాదన వింటే ఆమోసు ప్రవక్త గుర్తొస్తాడు. 2:124లో ఇబ్రాహీం తన సంతతి కోసం అడిగితే, నా వాగ్దానం దుర్మార్గులకు వర్తించదు అని జవాబు వస్తుంది. 3:113లో గ్రంథప్రజలందరూ ఒకటి కాదు, వాళ్లలో సన్మార్గాన నిలిచిన సమూహం ఉంది అని కూడా ఉంది. కఠినమైన ఆయత్ ఒకటి ఏరి ఫార్వర్డ్ చేసేవాళ్లు దీన్ని కూడా జత చేస్తే బాగుండు.

"ఉత్తమ సమాజం" అని ముస్లింలూ తమను అనుకుంటారు. అది వేరా?

3:110లో "ప్రజల కోసం తీసుకురాబడిన ఉత్తమ సమాజం మీరు" అని ఉంది, వెంటనే షరతు ఉంది: మంచిని ఆదేశిస్తారు, చెడును వారిస్తారు, దేవుణ్ణి విశ్వసిస్తారు. ఇది పుట్టుకతో వచ్చేది కాదని, షరతు నిలబెట్టినంత వరకేనని ఎక్కువమంది పండితుల వివరణ. 49:13 ప్రకారం దేవుడి దగ్గర గౌరవనీయుడు తఖ్వా (దైవభీతి) ఎక్కువ ఉన్నవాడు, వంశం గొప్పది అయినవాడు కాదు. యూదుల ఎంపికతో తేడా ఉంది: అక్కడ వంశం, నిబంధన కలిసి నడుస్తాయి, ఇక్కడ వంశం లేదు. అయినా "ప్రజల కోసం" అన్న మాటకూ, యెషయా చెప్పిన "అన్యజనులకు వెలుగు" అన్న మాటకూ చుట్టరికం ఉందని నా నమ్మకం.

## మన దేశపు మతాల వైపు నుంచి

దేవుడికి పక్షపాతం ఉంటుందా? గీతలో లేదని ఉంది కదా?

తెలుగు ఇంట్లో పుట్టినవాడికి ముందు తట్టే ప్రశ్న ఇదే. గీత 9:29: "సమోఽహం సర్వభూతేషు న మే ద్వేష్యోఽస్తి న ప్రియః". అన్ని ప్రాణులూ నాకు సమానం, ద్వేషించదగినవాడూ లేడు, ప్రియుడూ లేడు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. శ్లోకం రెండో సగంలో, భక్తితో నన్ను భజించేవాళ్లు నాలో ఉంటారు, నేను వాళ్లలో ఉంటాను అని ఉంది. సమానత్వమూ, దగ్గరితనమూ ఒకే శ్లోకంలో ఉన్నాయి.

కఠోపనిషత్తు ఇంకా దగ్గరగా వస్తుంది: "యమేవైష వృణుతే తేన లభ్యః". ఎవరిని ఆయన వరిస్తాడో వాళ్లకే దొరుకుతాడు. శంకరులు దీన్ని సాధకుడు ఆత్మను వరించడంగా చదివారు. రామానుజులు భగవంతుడే తనకు ప్రియమైన భక్తుణ్ణి వరిస్తాడని చదివారు. ఆ తర్వాత శ్రీవైష్ణవులు దీని మీదే రెండుగా చీలారు. పిల్లి తన కూనను నోట కరుచుకుని వెళుతుంది, కూన చేయాల్సింది ఏమీ లేదు. కోతి పిల్ల తల్లి పొట్టను తానే పట్టుకోవాలి. తెంగలై వాళ్లది మార్జాల న్యాయం, వడగలై వాళ్లది మర్కట న్యాయం. సీనాయి కొండ మీద రబ్బీలు తేల్చని ప్రశ్న కూడా ఇదే: పట్టుకున్నది ఎవరు? అసలు తేడా ఒకటే. మన దగ్గర దేవుడు వరించేది ఒక జీవుణ్ణి, అక్కడ ఒక జనాన్ని.

హిందువుల్లో "మేమే ప్రత్యేకం" అన్న భావం లేదా?

ఉంది. మనుస్మృతి 2:20లో, ఈ దేశంలో పుట్టిన బ్రాహ్మణుడి దగ్గర లోకంలోని మనుషులందరూ తమ తమ నడవడి నేర్చుకోవాలి అని ఉంది. ఆర్యావర్తం పుణ్యభూమి, మిగతాది మ్లేచ్ఛదేశం అన్న విభజన కూడా ఉంది. పైగా మన దగ్గర పుట్టుకతో వచ్చే హెచ్చుతగ్గులు బయటివాళ్ల మీద కంటే లోపలివాళ్ల మీదే ఎక్కువ పడ్డాయి. యూదుల ఎంపికను "జాత్యహంకారం" అనే ముందు మనం దీన్ని తలుచుకోవడం న్యాయం.

బౌద్ధులు, సిక్కులు ఏమంటారు?

బౌద్ధంలో ఎంచుకునే సృష్టికర్త లేడు కాబట్టి ఈ ప్రశ్న ఆ రూపంలో రాదు. పుట్టుకతో ఎవడూ నీచుడు కాడు, పుట్టుకతో ఎవడూ బ్రాహ్మణుడు కాడు, చేసే పనులతోనే అవుతాడు అని బుద్ధుడి మాట. సిక్కుల్లో 1699 వైశాఖి నాడు గురు గోవింద్ సింగ్ తల ఇచ్చేవాడు ఎవరని అడిగితే ఒక్కొక్కరుగా ఐదుగురు ముందుకొచ్చారు. వేర్వేరు కులాల ఆ ఐదుగురే "పంజ్ ప్యారే". పిలుపు అందరికీ వచ్చింది, లేచినవాళ్లు ప్రియమైనవాళ్లయ్యారు.

## ఇప్పటి ప్రశ్నలు

ఎన్నుకున్న ప్రజలు కాబట్టే ఆ భూమి వాళ్లదంటారా?

అలా వాదించే మతవాద యూదులు, క్రైస్తవులు ఉన్నారు. కానీ 1948 మే 14న చదివిన ఇజ్రాయెల్ స్వాతంత్ర్య ప్రకటనలో "ఎన్నుకున్న ప్రజలు" అన్న మాట లేదు. చరిత్ర, హింస నుంచి రక్షణ, ఐక్యరాజ్యసమితి తీర్మానం, జాతుల హక్కు గురించి ఉంది. దేశాన్ని కట్టినవాళ్లలో చాలామంది దేవుణ్ణి నమ్మని సోషలిస్టులు. ఇంకోవైపు, నిష్ఠగల యూదుల్లోనే సాత్మార్ హసీదీల లాంటివాళ్లు మెస్సీయ రాకముందు రాజ్యం కట్టడమే తప్పంటారు. తోరా కూడా భూమిని షరతు లేకుండా ఇవ్వలేదు: మీరు దాన్ని అపవిత్రం చేస్తే అది మిమ్మల్ని కక్కేస్తుంది అని లేవీయకాండం 18లో ఉంది. పాలస్తీనీయుల హక్కులను ఒక్క వాక్యంతో కొట్టేయడానికి బైబిల్‌ను వాడటం ఆ గ్రంథానికి కూడా అన్యాయమే.

బయటివాళ్లు యూదులుగా మారవచ్చా, లేక పుట్టుకే కావాలా?

మారవచ్చు, తేలిక కాదు. సంప్రదాయం ప్రకారం రబ్బీ ముందు నిరుత్సాహపరుస్తాడు. పట్టు వదలకపోతే ఏళ్ల తరబడి చదువు, ముగ్గురితో కూడిన మతన్యాయస్థానం, మగవాళ్లకు సున్నతి, చివర నీళ్లలో మునక. ఆ తర్వాత అతన్ని "మారినవాడు" అని గుర్తు చేయడం కూడా పాపం. మోయాబు స్త్రీ రూతు తన అత్తతో "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అంది. దావీదు రాజు ఆమె మునిమనవడు. రక్తమే అంతా అయితే ఆ కథ బైబిల్లో ఉండేది కాదు.

గుంటూరు జిల్లాలో యూదులున్నారట, నిజమేనా?

నిజమే. చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమను "బెనే ఎఫ్రాయిం" అని చెప్పుకునే కొద్ది కుటుంబాలున్నాయి. మాదిగ సమాజం నుంచి, ఎక్కువగా క్రైస్తవం నుంచి వచ్చినవాళ్లు. ఇశ్రాయేలులో తప్పిపోయిన పది గోత్రాల్లో ఎఫ్రాయిము వంశం తమదని నమ్ముతారు. 1980ల చివర, 1990ల మొదటి నుంచి బహిరంగంగా యూదు ఆచారాలు పాటిస్తున్నారు, సొంత ప్రార్థనాలయం ఉంది. మణిపూర్, మిజోరం ప్రాంతాల బ్నే మెనాషే వాళ్లను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరు ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు, మతమార్పిడి విధి పూర్తి చేసుకుని చాలామంది వెళ్లారు. కొత్తరెడ్డిపాలెం వాళ్లకు అలాంటి గుర్తింపు రాలేదు.

"ఇజ్రాయెల్ వెళ్లిపోవడానికేగా ఇదంతా" అని తేలిగ్గా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఊరి చివర ఉంచి, అంటరానివాళ్లన్న జనం "మేము దేవుడికి సొంత సొత్తు" అనడంలో ఉన్న బరువు వాళ్లకు తెలియదు. ఆ కుటుంబాలు ఏటా పస్కా చేసుకుంటాయి. ఇటుకలు మోసే దాసజనాన్ని దేవుడు పేరు పెట్టి పిలిచి బయటికి తెచ్చిన కథను ఆ పండుగ నాడు తెలుగులో చెప్పుకుంటాయి.